క్రేటర్స్ ఆఫ్ ది మూన్: కారు దిగనివాళ్ళకి నల్లరాళ్ళే

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఆర్కో ఊరు దాటి నైరుతిగా 18 మైళ్ళు వెళ్తే, ఒకప్పుడు పొంగిన లావా గడ్డకట్టి పరుచుకున్న క్రేటర్స్ ఆఫ్ ది మూన్ వస్తుంది. ఎల్లోస్టోన్‌ ట్రిప్పులో ఎలాగూ దగ్గరే కదా అని జులై మిట్టమధ్యాహ్నం చెప్పులేసుకుని దిగి, 7 మైళ్ళ లూప్ రోడ్డు కారులోనే చుట్టేసి, ‘నల్లరాళ్ళు తప్ప ఏమీ లేవు’ అని పెదవి విరిచేవాళ్ళుంటారు. ఎండాకాలంలో ఇక్కడ నేల వేడి 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. నీడ దాదాపు లేదు. పొద్దున్నే వెళ్ళండి, లేదా సాయంత్రం పొద్దు వాలాక. ఆ వేళల్లో వాలు వెలుగు పడితేనే బ్లూ డ్రాగన్ అనే లావా రాళ్ళ మీద నీలిరంగు మెరుపు కూడా బాగా కనిపిస్తుంది.

కొండ నోట్లోంచి లావా పొంగడం అనే బొమ్మ మనసులో ఉంటే తీసేయాలి. ఇక్కడ నేలే చీలింది. ఆ చీలిక పేరు గ్రేట్ రిఫ్ట్. దాని వెంబడి సుమారు 15,000 ఏళ్ళ కిందటి నుంచి 2,000 ఏళ్ళ కిందటి దాకా 8 విడతలుగా లావా పొంగింది. నార్త్ క్రేటర్ ఫ్లో బాట మీద వంగి చూడండి: కాగిన పాల మీగడను గరిటెతో నెడితే మడతలు పడ్డట్టే ఉంటుంది రాయి. జరిగిందీ అదే. పైపొర చల్లారి గట్టిపడుతుంటే లోపలి ద్రవం కదిలి దాన్ని మడతలు పెట్టింది. ఈ రకం లావా పేరు పహోయ్‌హోయ్. రెండో రకం ఆ-ఆ, కొలిమి చిట్టెంలా పెళుసుగా, గాజుపెంకంత పదునుగా ఉంటుంది. తూలి చెయ్యి ఆనిస్తే తోలు లేచిపోతుంది. పిల్లలకి బూట్లు, పొడుగు ప్యాంట్లు తప్పనిసరి.

ఇన్‌ఫెర్నో కోన్ అనేది లావా చిమ్మిన తునకలు పేరుకున్న గుట్ట. దాని ఎత్తు 160 అడుగులే గాని ఏటవాలు గట్టిది. రానూపోనూ 0.4 మైలు. పైన గాలికి టోపీ నిలవదు. అక్కణ్ణుంచి చూస్తే గ్రేట్ రిఫ్ట్ వెంట కోన్లన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. చీలిక సంగతి బోర్డుల కంటే అక్కడే బాగా అర్థమవుతుంది.

గుహల కోసమైతే విడిగా రెండు గంటలు పెట్టుకోవాలి. ముందు విజిటర్ సెంటర్‌లో పర్మిట్ తీసుకోవాలి. ఉచితమే. చాలామందికి మెలిక పడేది ఇక్కడే: గబ్బిలాల్ని చంపే వైట్ నోస్ అనే బూజు జబ్బు వాటికి సోకకుండా, ఇంతకుముందు ఇంకో గుహలోకో గనిలోకో తీసుకెళ్ళిన బూట్లు, బట్టలు, బ్యాగు, చివరికి ఫోన్ అయినా ఇక్కడి గుహల్లోకి తేకూడదు. మౌంట్ రష్‌మోర్ వైపు గుహలు చూసుకుని వచ్చేవాళ్ళు దీన్ని ముందే ఆలోచించుకోవాలి. ఇండియన్ టన్నెల్ అనే గుహ 800 అడుగుల పొడవు, 30 అడుగుల ఎత్తు. కప్పు అక్కడక్కడ కూలి వెలుతురు పడుతుంది కాబట్టి చిన్నపిల్లలకీ భయం వేయదు. కాకపోతే మెట్లు దిగాక మిగతాదంతా బండల మీద నడకే, చంకలో పసిబిడ్డతో కుదరదు. బ్యూటీ కేవ్, బాయ్ స్కౌట్ కేవ్ చీకటివి. కింద మంచు గడ్డకట్టి ఉండొచ్చు. ఫోన్ లైటు చాలదు, పైగా ఒక చెయ్యి దానికే పోతుంది. తలకి కట్టుకునే లైటు మనిషికొకటి ఉండాలి. ఇవి తెరిచి ఉన్నాయో లేదో పర్మిట్ తీసుకునేటప్పుడే అడగండి.

మోకాళ్ళ నొప్పులవాళ్ళకి, స్ట్రోలర్ ఉన్నవాళ్ళకి డెవిల్స్ ఆర్చర్డ్ బాట నయం. అరమైలు, చదునుగా ఉంటుంది. పిల్లలకి లూనార్ రేంజర్ అనే పనుల పుస్తకం ఇప్పించండి, పూర్తిచేస్తే బ్యాడ్జీ ఇస్తారు. 1969లో అపోలో వ్యోమగాములు ఇక్కడి రాళ్ళు చదవడానికి వచ్చారని చెబితే సగం మారాం ఆగిపోతుంది. ఆ రాళ్ళు ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు, ఇది మాత్రం మీరే చూసుకోవాలి.

ప్రవేశం కారుకి 20 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. నేషనల్ పార్కుల ఏడాది పాస్ ఉంటే అదీ అక్కర్లేదు. లోపల హోటల్ లేదు, పెట్రోల్ లేదు. నీళ్ళు విజిటర్ సెంటర్‌లో, క్యాంప్‌గ్రౌండ్‌లో పట్టుకోవాల్సిందే. ట్యాంకు, తిండి ఆర్కోలోనే చూసుకోండి. క్యాంప్‌గ్రౌండ్‌లో 42 చోట్లున్నాయి. కట్టెల మంట నిషేధం, బొగ్గుల గ్రిల్ వాడుకోవచ్చు. చలికాలంలో లూప్ రోడ్డు కార్లకి మూసేస్తారు, మంచు పడ్డాక దాని మీద స్కీలే.