సాలూరు ఘాటు దాకా కారులో: ఏ ఫీచరు పనికొస్తుంది, ఏది దండగ

విజయనగరం జిల్లా నాతవలస దగ్గర హైవే ఎక్కి శ్రీకాకుళం వైపు వెళ్తుంటే ఏ కొత్త కారైనా బాగానే ఉందనిపిస్తుంది. మధ్యలో డివైడరు, చెరగని గీతలు, దూరం దాకా తిన్నగా కనిపించే రోడ్డు. కారు ప్రకటనల్లో చూపించే రోడ్డు ఇలాంటిదే. అసలు చూడాల్సిన ఊళ్లన్నీ ఈ రోడ్డు దిగాకే వస్తాయి. కారు గుణం కూడా అక్కడే తెలుస్తుంది.

హైవే మీద అడాప్టివ్ క్రూయిజ్ (ముందు బండిని రాడారుతో చూసి కారే వేగం సర్దుకునే ఏర్పాటు) పెట్టుకుంటే ముందు బండికి ఎడం ఎక్కువగా ఉండే సెట్టింగే వాడాలి. ఆ సందులోకి ఆటో దూరుతుంది, దూరనివ్వండి. ఎడం తగ్గిస్తే ఎవరు అడ్డొచ్చినా కారు ఠక్కున బ్రేకు కొడుతుంది, వెనకాల లారీకి ఆ సంగతి తెలియదు. అడ్డంగా నిలబడ్డ గేదెను ఈ రాడార్లు గుర్తించకపోవచ్చని కార్ల మాన్యువల్లోనే రాసి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. ఎడమ అంచున ఎదురొచ్చే మోటార్‌సైకిళ్లు ఇక్కడ మామూలే. అందుకే రాత్రిపూట మధ్య లేను మేలు. శ్రీకాకుళం దాటాక మడపాం, పలాస దగ్గర లక్ష్మీపురం, చివర బెల్లుపడ టోల్‌గేట్లు వస్తాయి. తరచూ తిరిగేవారికి ఫాస్టాగ్ వార్షిక పాసు గిట్టుబాటే. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు, 200 సార్లు దాటవచ్చు.

శ్రీకాకుళంలో లాడ్జి గది ఎలా ఉందో తర్వాత, ముందు పార్కింగు అడగండి. సెల్లారైతే ర్యాంపు ఎంత నిటారుగా ఉంది, కింద తిప్పుకోవడానికి చోటుందా, పైన బీము ఎత్తెంత అన్నవి ఫోన్లోనే తేల్చుకోవాలి. పొడవాటి సెడాన్లకు ర్యాంపు అంచున అడుగు రాసుకుంటుంది. ఎలక్ట్రిక్ కారైతే 16 ఆంపుల ప్లగ్గు ఒక్కటే చాలదు, ఎర్తింగు ఉండాలి. అది సరిగా లేకపోతే ఛార్జరు ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది. అన్నీ కుదిరినా ఆ ప్లగ్గు మీద గంటకు సుమారు 3 యూనిట్లే ఎక్కుతాయి. 40 యూనిట్ల బ్యాటరీకి తెల్లవార్లూ కావాలి.

అరసవల్లికి ఆదివారం కారు తీసుకెళ్లకండి. ఊళ్లో పెట్టి ఆటోలో వెళ్తే హాయి. శ్రీకూర్మం దారి ఇరుకైనా నెమ్మదిగా పోతే ఇబ్బంది లేదు. కళింగపట్నంలో ఇసుక దాకా కారు దించడం తెలివితక్కువ పని. ఫోర్‌వీల్ డ్రైవ్ అని బ్యాడ్జి ఉన్నా రోడ్డు టైర్లతో ఇసుకలో దిగబడుతుంది. తిరిగొచ్చాక అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పుగాలికి బోల్టుల దగ్గర తుప్పు మొదలవుతుంది.

శ్రీముఖలింగం వైపు, ఆ మాటకొస్తే లోపలి పల్లెల రోడ్లన్నిటి మీదా, నూర్పిళ్ల కాలంలో మరో గండం ఉంది. కోసిన పంట కంపను రోడ్డు మీద పరిచేస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. రైతుకు కూలి కలిసొస్తుంది గానీ కొత్త డీజిల్ కారుకు ప్రమాదం. బీఎస్6 డీజిల్ బండ్లలో పొగగొట్టానికి డీపీఎఫ్ వడపోత ఉంటుంది. పేరుకున్న మసిని కాల్చుకునే సమయంలో అది విపరీతంగా వేడెక్కుతుంది. ఎండుకంప దానికి చుట్టుకుంటే అంటుకోవచ్చు. కంప మీద ఆగకూడదు, దాటాక బండి ఆపి వంగి కింద చూడాలి. డీపీఎఫ్ లైటు వెలిగితే మాత్రం భయం లేదు. హైవే ఎక్కి ఇరవై నిమిషాలు ఒకే వేగంతో, 2,000 ఆర్‌పీఎం పైన నడిపితే సాధారణంగా ఆరిపోతుంది. రోజూ గంటస్తంభం చుట్టూ తిరిగే విజయనగరం కార్లకు ఈ లైటు ఎక్కువగా వెలుగుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనమే ఉంటారు. ఆ దరిదాపులకు కారు తేకపోవడమే మంచిది.

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు, అక్కడి నుంచి ఒడిశా వైపు ఎక్కే ఘాటు రోడ్డు. 2022లో జిల్లాలు విడదీశాక సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ దారి ఆ పాతదే. ఒడిశాలోని సుంకి వైపు ఎక్కేటప్పుడు బరువు లారీ వెనక పడితే డీసీటీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్) గేరుబాక్సు కార్లకే కష్టం. పాకుతూ పోతే క్లచ్చు సగం పట్టీ పట్టక వేడెక్కుతుంది. ఆగి, లారీని యాభై అడుగులు పోనిచ్చి, ఒక్కసారిగా కదలాలి. ఏఎంటీ (మామూలు గేరుబాక్సునే యంత్రం మార్చే రకం) అయితే మాన్యువల్లోకి మార్చి రెండో గేరులో ఉంచండి. దానికే వదిలేస్తే మలుపు మధ్యలో గేరు మార్చి ఊపు పోగొడుతుంది. ఎక్కే బండికే దారి హక్కు, దిగేవాళ్లు ఆగాలి.

దిగడమే అసలు పరీక్ష. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత లెక్క, నేటికీ తప్పు లేదు. ఆటోమేటిక్ కారును ‘డి’లో వదిలేసి బ్రేకు మీద కాలు ఆనించి దిగేవాళ్లే ఎక్కువ. డాట్ 4 బ్రేకు ఆయిలు కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ పీల్చిన పాతది 155 దగ్గరే మరగవచ్చు. అప్పుడు లైన్లో ఆవిరి చేరి పెడలు మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిలు మార్చమనేది. మాడు వాసన వస్తే పక్కకు తీసి, చక్రానికి రాయి పెట్టి చల్లారనివ్వాలి. కాలిన డిస్కు మీద నీళ్లు పోస్తే వంకరపోతుంది. ఎలక్ట్రిక్ కారును పైన నిండుగా ఛార్జి చేసి దిగకండి, బ్యాటరీలో చోటు లేక రీజెన్ బ్రేకు (వేగం తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీలోకి పంపేది) సరిగా పట్టదు.

సన్‌రూఫ్ ఏప్రిల్ ఎండలో తలకు వేడి, అంతే. ఏసీ మీటలు తెరలో దాచిన కార్లలో మలుపు దగ్గర చూపు రోడ్డు మీద నుంచి జారుతుంది. పెద్ద చక్రాల సన్న టైర్లకు గుంతలో పడితే పక్కగోడ ఉబ్బిపోతుంది. స్పేరు బదులు ఇచ్చే పంక్చర్ కిట్ మేకు గుచ్చుకున్న రంధ్రానికే పనికొస్తుంది, పక్కగోడ చిరిగితే కాదు. సాలూరు లారీల ఊరు కాబట్టి టైరు, బ్రేకు పని తెలిసినవాళ్లు దొరుకుతారు. సెన్సరు తప్పు చదివే స్కానరు కావాలంటే మాత్రం విజయనగరమో విశాఖో పోవాలి. పసుపు లైటుతో నెమ్మదిగా అక్కడి దాకా వెళ్లవచ్చు. ఎర్ర లైటు వెలిగితే మాత్రం వెంటనే పక్కకు తీసి ఆపండి.