అమెరికా దుక్కి ట్రాక్టరా, జర్మనీ ట్రాక్టరా? యూరప్‌లో పెద్ద కమతానికి ఏది మేలు

యూరప్ పొలాల్లో తిరిగే ప్రతి జాన్ డీర్ ఓడెక్కి వచ్చిందేమీ కాదు. అక్కడి రైతులు ఎక్కువగా నడిపే 6ఆర్ వరస జర్మనీలోని మన్‌హైమ్‌లోనే తయారవుతుంది. 1956లో లాంజ్ కంపెనీని కొన్నప్పుడు డీర్‌కు ఆ ఫ్యాక్టరీ దక్కింది. అటుచూస్తే, అసలుసిసలు జర్మన్ బండిగా పేరున్న ఫెండ్ట్‌కు 1997 నుంచి యజమాని ఆగ్కో అనే అమెరికా కంపెనీ. బండి తయారయ్యేది మాత్రం బవేరియాలోని మార్క్టోబర్‌డార్ఫ్‌లో. అందుకని బానెట్ మీద పేరును పక్కనపెట్టి, బండి ఏ నేలకు, ఏ పనికి గీసిన డిజైనో చూడాలి.

నిజంగా అమెరికాలో తయారై యూరప్‌కు వచ్చేవి పెద్ద తరగతి బండ్లే. అయోవా రాష్ట్రం వాటర్లూ నుంచి జాన్ డీర్ 8ఆర్, 9ఆర్. విస్కాన్సిన్‌లోని రసీన్ నుంచి కేస్ ఐహెచ్ మాగ్నమ్, న్యూ హాలండ్ టీ8. నార్త్ డకోటాలోని ఫార్గో నుంచి, చక్రాలకు బదులు నాలుగు రబ్బరు పట్టాల మీద నడిచే కేస్ ఐహెచ్ క్వాడ్‌ట్రాక్. వీటికి ఎదురు నిలిచేవి ఫెండ్ట్ 900, 1000 వరసలు, ఫ్రాన్స్‌లోని లెమాన్‌లో తయారయ్యే క్లాస్ కంపెనీ బండి ఆక్సియన్ 900, జర్మనీలోని హార్సెవింకెల్ నుంచి వచ్చే క్లాస్ జీరియన్.

మన దగ్గర 45, 50 హెచ్‌పీ బండికి రోటావేటర్ కట్టి దమ్ము చేసేవారికి 400 హెచ్‌పీ అంటే అతిగా అనిపించవచ్చు. యూరప్‌లోనూ అందరికీ అది అక్కర్లేదు. యూరోపియన్ యూనియన్‌లో సగటు కమతం సుమారు 17 హెక్టార్లు, అంటే 42 ఎకరాలు. కానీ సగటు చూసి మోసపోకూడదు. ఒకే జర్మనీలో బవేరియా రైతుది 35 హెక్టార్ల అటూఇటూ ఉంటే, తూర్పున మెక్లెన్‌బుర్గ్‌లో సగటే 270 దాటుతుంది. 1990కి ముందు అవి సామూహిక వ్యవసాయ క్షేత్రాలు. రెండు జర్మనీలు కలిశాక కూడా ఆ చేలు ముక్కలు కాలేదు. హంగరీ, చెక్, రొమేనియా, ఉక్రెయిన్ మైదానాల్లోనూ, ఇంగ్లండ్ తూర్పు ప్రాంతాల్లోనూ ఇలాంటి చేలే ఉన్నాయి. అమెరికా పెద్ద బండి యూరప్‌లో వేళ్లూనింది ఇక్కడే.

8ఆర్‌కు ఎదురుగా ఫెండ్ట్ 1000

ఎక్కువమంది తూకం వేసేది ఈ రెంటినే. 8ఆర్ 410లో 9 లీటర్ల ఇంజన్, 410 హెచ్‌పీ. ఫెండ్ట్ 1000 వరసలో మాన్ అనే కంపెనీ చేసిన 12.4 లీటర్ల ఇంజన్. 1050 మోడల్‌కి 517 హెచ్‌పీ, 2400 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఫెండ్ట్ పద్ధతి పెద్ద ఇంజన్‌ను తక్కువ ఆర్‌పీఎంలో నడపడం. రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం 1450 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. శబ్దం తగ్గుతుంది, ట్రాలీతో దూరాలు పోయేవారికి డీజిల్ కలిసొస్తుంది.

చేలోకి దిగితే కథ మారుతుంది. ఫెండ్ట్ వారియో గేరుపెట్టెలో శక్తి రెండు దారుల్లో పోతుంది: కొంత పళ్లచక్రాల మీదుగా, కొంత హైడ్రాలిక్ నూనె మీదుగా. వేగం తగ్గేకొద్దీ నూనె వాటా పెరుగుతుంది, నూనె దారిలో నష్టం ఎక్కువ. లోతు దుక్కిలో గంటకు 6, 7 కిలోమీటర్ల వేగంతో రోజంతా లాగాలంటే, 8ఆర్‌లోని 23 గేర్ల పవర్‌షిఫ్ట్ (లాగుడు ఆగకుండానే గేరు మారే పెట్టె) లాంటి పూర్తి గేరు బండి ఇంజన్ శక్తిని చక్రానికి బాగా చేరుస్తుంది. మాగ్నమ్‌కు 1980ల చివర్లో పేరు తెచ్చింది కూడా 18 గేర్ల పవర్‌షిఫ్టే. వారియోలా మెట్లు లేకుండా వేగం మారే స్టెప్‌లెస్ గేరుపెట్టె కావాలంటే 8ఆర్, మాగ్నమ్ రెండింటిలోనూ దొరుకుతుంది. అలాంటప్పుడు కేవలం దుక్కి కోసం కొనేవాడు దానికి అదనంగా డబ్బు పోయడం నాకైతే నచ్చదు. పీటీఓ (ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే తిరుగుడు షాఫ్ట్) పనులు, విత్తనం యంత్రం, రోడ్డు ఎక్కువగా ఉన్నవారికి మాత్రం అది సుఖమే.

8ఆర్ వంశానికి యూరప్‌లో ఆదరణ రావడానికి ఇంకో కారణం 1994లో వచ్చిన 8000 వరస డిజైన్. ముందు ఇరుసు వెనక ఫ్రేమ్ నడుము సన్నగా ఉంటుంది. అంత పెద్ద టైరు కూడా లోపలికి బాగా తిరుగుతుంది. చేని చివర మలుపు చిన్నదైతే తొక్కుడుపడే నేలా తగ్గుతుంది. దానికి తోడు ఆటోట్రాక్ అనే ఉపగ్రహ స్టీరింగ్, యంత్రాల లెక్కలన్నీ ఒకేచోట చూపే డీర్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. అదే కంపెనీ హార్వెస్టర్, స్ప్రేయర్ ఉన్న రైతు మళ్లీ డీర్ వైపే మొగ్గుతాడు.

అమెరికా డిజైన్ తడబడేది ఎక్కడ

ఒకటి, వెనక ఇరుసు. అమెరికాలో వరస పంటల కోసం చక్రాల మధ్య దూరం మార్చుకోవాలి, జంట టైర్లు బిగించుకోవాలి. అందుకు పొడవాటి కడ్డీ ఇరుసు ఇస్తారు. చక్రాన్ని లోపలికి జరిపితే కడ్డీ మొన టైరుకన్నా బయటికి పొడుచుకొస్తుంది. యూరప్‌లో ట్రాక్టర్ వెడల్పుకు మామూలు హద్దు 2.55 మీటర్లు, వెడల్పు టైర్లు వేసుకున్నవాటికి జర్మనీలో 3 మీటర్ల దాకా వీలుంది. జంట టైర్లతో ఊరి రోడ్డెక్కే మాటే లేదు. కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఫ్లాంజ్ ఇరుసు (చక్రాన్ని ఇరుసు చివరి పళ్లేనికే బోల్టులతో బిగించేది) గానీ పొట్టి కడ్డీ గానీ రాయించుకోవాలి. తర్వాత మార్చాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రెండు, ట్రాలీ కొక్కెం, బ్రేకులు. యూరప్‌లో 20 ఘనమీటర్ల పేడనీళ్ల ట్యాంకర్ తన బరువులో 3, 4 టన్నులు కొక్కెం మీద మోపుతుంది. అమెరికా పద్ధతి డ్రాబార్ పిన్ను దానికి చాలదు. 80 మిల్లీమీటర్ల గుండు కొక్కెం, అంటే కె80, ఉండాలి. దాని మీద 4 టన్నుల దాకా మోపవచ్చు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ట్రాలీలకు రెండు పైపుల గాలి బ్రేకులు వాడతారు. ముందు లింకేజి (పనిముట్టును ఎత్తిపట్టే చేతులు), ముందు పీటీఓ కూడా అక్కడ మామూలు సంగతే. ఇవన్నీ ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చిన బండి వేరు, డీలర్ షెడ్డులో తర్వాత తగిలించిన బండి వేరు. ముందు లింకేజి తగిలించాక స్టీరింగ్ కోణం తగ్గిందో లేదో చూడండి. తగ్గితే సన్న నడుము వల్ల వచ్చిన లాభం పోయినట్టే.

మూడు, నూనె. డీర్‌లో గేరుపెట్టెకూ హైడ్రాలిక్‌కూ ఒకే నూనె. ఫెండ్ట్‌లో రెండూ వేరు. ఒకే రైతు, ఒకే వరస పనిముట్లు ఉన్నచోట ఇది సమస్య కాదు. కిరాయికి తిరిగేవారు మాత్రం రోజుకో ఊళ్లో పరాయి టిప్పర్ ట్రాలీ తగిలిస్తారు. సిలిండర్‌లోంచి తిరిగొచ్చే నూనెలో నీరు, మట్టి, వేరే రకం నూనె ఉంటాయి. అదంతా గేరుపెట్టెలోకి పోతుంది. అలాంటివారు డీర్ వాడితే నూనె పైపులు కలిపే కప్లర్లను ప్రతిసారీ తుడవాలి, ఫిల్టర్‌ను గడువుకన్నా ముందే మార్చాలి, ఏడాదికోసారి నూనె నమూనా పరీక్షకు పంపాలి.

పీటీఓ సంగతి క్లుప్తంగా: అమెరికా పెద్ద బండికి 1000 ఆర్‌పీఎం, ఒకటిముప్పావు అంగుళాల 20 పళ్ల షాఫ్ట్ ఉంటుంది. యూరప్ పనిముట్లలో చాలావాటికి 1 3/8 అంగుళాల సన్న షాఫ్ట్. అడాప్టర్ పెట్టి నెట్టుకురాకండి. అది షాఫ్ట్ పొడవు పెంచి కీళ్లను తినేస్తుంది. సరైన షాఫ్టే మార్పించుకోండి.

బరువు లెక్క

కొన్నాక చాలామంది తప్పటడుగు వేసేది బరువు దగ్గరే. 400 హెచ్‌పీ ఇంజన్ అంటే పీటీఓ దగ్గర సుమారు 340 హెచ్‌పీ. గంటకు 7 కిలోమీటర్లతో లాగాలంటే ఒక్కో పీటీఓ హెచ్‌పీకి 65 కిలోల చొప్పున మొత్తం బరువు 22 టన్నులు కావాలి. 9 కిలోమీటర్లు దాటిన వేగానికి 54 కిలోలు చాలు, అంటే 18 టన్నుల పైచిలుకు. జర్మనీ రోడ్ల మీద రెండిరుసుల బండికి హద్దు 18 టన్నులు. లెక్క ఇక్కడే తేలిపోతుంది: 400 హెచ్‌పీ చక్రాల బండితో నెమ్మదిగా, లోతుగా లాగించడం కన్నా పనిముట్టు వెడల్పు కాస్త తగ్గించి వేగంగా పోవడమే దారి.

బరువును చక్రాల్లో నీళ్లుగా, ఇనుప పళ్లేలుగా పెట్టేస్తే ఏడాది పొడవునా రోడ్డు మీద మోయాలి. ముందు లింకేజికి తగిలించే దిమ్మ అయితే నిమిషంలో దింపవచ్చు. వెనక లాగే పనిముట్టుకు బరువు ముందు 35, వెనక 65 శాతం. లింకేజికి ఎత్తిన పనిముట్టుకు 40, 60. పనిలో చక్రం జారుడు 8 నుంచి 15 శాతం మధ్య ఉంటే సరి. 5 శాతమే చూపిస్తే అనవసరపు బరువు మోస్తున్నట్టు, 20 చూపిస్తే టైరునూ డీజిల్‌నూ నేలకు రాస్తున్నట్టు.

పొడినేలలో లాగుతుంటే బండి ముందూవెనకా ఎగిరెగిరి పడితే ఇంజన్‌ను నిందించవద్దు. వెనక టైర్ల గాలిని ఆ బరువుకు చెప్పిన కనీసానికి దింపి, ముందు టైర్లలో ఉన్న గాలికి మరో 0.4 బార్ దాకా కలిపి చూడండి. టైర్లు మార్చేటప్పుడు ఇంకో జాగ్రత్త: ముందు చక్రం అంచు వేగం వెనకదానికన్నా 1 నుంచి 5 శాతం ఎక్కువ ఉండాలి. వేరే కంపెనీ టైరు వెనక మాత్రమే వేస్తే ఈ లెక్క తప్పి, ముందు ఇరుసు గేర్లు అరుగుతాయి.

500 హెచ్‌పీ దాటితే

ఇక్కడ పోటీ క్వాడ్‌ట్రాక్, జీరియన్ మధ్య. 20 టన్నులు దాటే క్వాడ్‌ట్రాక్‌కు నాలుగు మూలలా నాలుగు రబ్బరు పట్టాలు, నడుము దగ్గర కీలు. రెండు పట్టాల బండి మలుపులో ఒక పట్టా వేగాన్ని తగ్గించి మట్టిని పక్కకు నెడుతుంది. క్వాడ్‌ట్రాక్ నడుము విరుచుకుని తిరుగుతుంది కాబట్టి బరువు లాగుతూనే మలుపు తీసుకోగలదు, మట్టి కుప్ప పడదు. 30 అంగుళాల పట్టాలతో వెడల్పు 3 మీటర్ల లోపే. పట్టాల బండి ఇంగ్లండ్ తూర్పున, హంగరీలో నిలదొక్కుకోవడానికి ఇదొక పెద్ద కారణం. అయితే అది లాగడానికే పుట్టిన బండి. ముందు లింకేజి లేదు, రోడ్డు మీద పట్టా వేడెక్కి అరుగుతుంది. జీరియన్‌కు నాలుగూ ఒకే సైజు చక్రాలు, నాలుగూ తిరుగుతాయి. ట్రాక్ వీసీ మోడల్‌లో క్యాబిన్‌నే వెనక్కి తిప్పుకోవచ్చు. పేడనీళ్లు చల్లడం, పశుగ్రాసం కుప్పను తొక్కించడం లాంటి పనుల్లో దానికి సాటి లేదు.

కాగితాలు, విడిభాగాలు

అమెరికాలో చౌకగా దొరికిందని సెకండ్‌హ్యాండ్ బండిని నేరుగా ఓడెక్కించడం పొరపాటు. యూరప్‌లో 2016 నుంచి 167/2013 నిబంధన ప్రకారం బ్రేకులు, దీపాలు, క్యాబిన్ ఆమోదం ఉండాలి. స్టేజ్ 5 ఉద్గార నియమం పొగలోని రేణువులను లెక్కపెట్టి మరీ పరిమితం చేస్తుంది, అమెరికా ఉద్గార నియమమైన టయర్ 4 ఫైనల్‌లో ఆ లెక్క లేదు. అందుకే ఒకే మోడల్‌కు రెండు రకాల సైలెన్సర్ వ్యవస్థలు. సుంకాల ముప్పు కూడా ఉంది: బోయింగ్ విమాన కంపెనీ సబ్సిడీల వివాదంలో 2020 నవంబరులో యూరోపియన్ యూనియన్ అమెరికా ట్రాక్టర్ల మీద 25 శాతం వేసింది, 2021 మార్చిలో నిలిపేశారు. విడిభాగాలకు మాత్రం భయం లేదు. డీర్ పెద్ద గోదాము జర్మనీలోని బ్రూఖ్‌సాల్‌లో ఉంది, ఆగ్కోది ఫ్రాన్స్‌లోని ఎనెరీలో, క్లాస్‌ది హామ్‌లో.

మరి ఏది కొనాలి

ఏడాది గంటల్లో మూడింట రెండు వంతులు దుక్కి, విత్తనమే అయి, చేలు షెడ్డుకు దగ్గరగా ఉంటే 8ఆర్ గానీ మాగ్నమ్ గానీ పవర్‌షిఫ్ట్‌తో తీసుకోండి. రోడ్డు, ట్యాంకర్, పీటీఓ కలిసి సగం దాటితే ఫెండ్ట్ గానీ ఆక్సియన్ గానీ మేలు, ధర ఎక్కువైనా సరే. 1000 హెక్టార్ల పైన బంకమట్టి నేల, లోతు దుక్కి అయితే క్వాడ్‌ట్రాక్. కిరాయికి తిప్పుతూ పేడనీళ్లు కూడా చల్లాలంటే జీరియన్. వంద హెక్టార్ల లోపువాళ్లకు ఈ నాలుగూ వద్దు. 200 హెచ్‌పీ దగ్గరి బండి కొని, ఏడాదిలో ఆ నాలుగు రోజుల భారీ పనికి కిరాయి బండిని పిలవండి.

సెకండ్‌హ్యాండ్ క్వాడ్‌ట్రాక్ చూడటానికి పోతే గంటల మీటర్ కన్నా ముందు నడుము కీలు దగ్గరికి వెళ్లండి. ఇంజన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పాలి, మీరు పక్కన, మడత పడే చోటికి దూరంగా నిలబడి చూడాలి. చక్రం కదిలాక కీలు పైభాగం, కిందిభాగం ఒకేసారి కదలాలి. పైది కదిలి కిందిది ఆగితే బేరింగ్ పోయినట్టు. తర్వాత పట్టాల లోపలి దిమ్మలు రెండు వైపులా సమానంగా అరిగాయో లేదో, చిన్న చక్రాల మూతల చుట్టూ నూనె తడి ఉందేమో చూడండి. నాలుగు పట్టాలూ మార్చాల్సి వస్తే ఆ ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి.