యాలకుల పని మీద గ్వాటెమాలా వెళ్తే, కొబాన్‌లోనే ఉండండి

ప్రపంచంలో యాలకులు అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసే దేశం మధ్య అమెరికాలోని గ్వాటెమాలా. 1914 ప్రాంతంలో ఒక జర్మన్ తోటల యజమాని అక్కడికి ఈ మొక్కను తెచ్చాడు. ఇప్పుడు ఆల్తా వెరాపాజ్ కొండల్లో చిన్న రైతులు వేల సంఖ్యలో పండిస్తున్నారు. విచిత్రం ఏమిటంటే వాళ్ల వంటల్లో మాత్రం యాలకులు దాదాపు కనిపించవు. పండినదంతా దాదాపుగా దేశం దాటిపోతుంది, ఎక్కువగా అరబ్ దేశాలకి. మసాలా దినుసుల కొనుగోలు పని మీద వెళ్లిన నాకు రాజధాని, పాత రాజధాని ఆంతిగ్వా, యాలకుల కొండల్లోని కొబాన్ మూడు చోట్లా ఉండే అవకాశం వచ్చింది.

రాజధాని గ్వాటెమాలా సిటీని నంబర్లతో జోన్లుగా విడగొట్టారు. విమానాశ్రయం 13లో ఉంటుంది, పెద్ద హోటళ్లు, ఆఫీసులు ఎక్కువగా 10లో ఉంటాయి. మొదటి రాత్రికి 10వ జోన్ మంచిదే. ఉబర్ దొరుకుతుంది, గది శుభ్రంగా ఉంటుంది, రిసెప్షన్‌లో ఇంగ్లిష్ నడుస్తుంది. కరెంటు 120 వోల్టులు, ప్లగ్గులు అమెరికా రకం, కాబట్టి అడాప్టర్ వెంట ఉండాలి. మనకీ వాళ్లకీ పదకొండున్నర గంటల తేడా. ఇంటికి ఫోన్ చేయాలంటే వాళ్ల ఉదయమే అనువు. అయితే ఆ జోన్‌లోనే ఉండిపోతే మనం చూసేది గాజు భవనాలే.

వ్యాపార మర్యాదలు మాత్రం అక్కడే బాగా తెలుస్తాయి. ఆఫీసులో అడుగుపెట్టగానే గేటు దగ్గర కాపలా మనిషి నుంచి అందరికీ నమస్కారం చెప్పాకే పని మాట. చదువు హోదాతో పిలవడం అలవాటు: డిగ్రీ ఉన్నవాళ్లు ‘లిసెన్సియాదో’, ఇంజనీరు ‘ఇన్హెనియెరో’, పెద్దవాళ్లయితే పేరు ముందు ‘దోన్’ లేదా ‘దోన్యా’. ఇంటిపేర్లు రెండుంటాయి, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. పిలిచేటప్పుడు మొదటిదే వాడతారు. విజిటింగ్ కార్డు, ధరల పట్టిక స్పానిష్‌లో ఉంటే మనం శ్రద్ధ పెట్టామని వాళ్లకి అర్థమవుతుంది.

మొదటి మీటింగులో ధర తేలుతుందని ఆశపడకండి. ఎక్కడి నుంచి వచ్చారు, పిల్లలెంతమంది, అమ్మానాన్నలు బాగున్నారా అని అడుగుతారు. తొందరపడకుండా జవాబు చెప్పి, మనమూ అడగాలి. కాదని మొహం మీద అనడం వాళ్లకి ఇష్టముండదు. ‘చూద్దాం’ అని నవ్వి ఊరుకుంటే, వారం తర్వాత మళ్లీ సున్నితంగా కదపాలి. గొంతు పెంచితే మాత్రం పని చెడినట్టే. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధం గురించి మనంతట మనం అడగకూడదు. వాళ్లే చెప్తే వినాలి. అక్కడి మూలవాసులైన మాయా జనం ఎంతోమంది ప్రాణాలు పోగొట్టుకున్న చరిత్ర అది.

రాజధాని నుంచి కొబాన్‌కి 200 కిలోమీటర్ల పైచిలుకు. లారీల వెనకాల, కొండ మలుపుల్లో అయిదు గంటలు సులువుగా పడుతుంది. దారిలో ఎల్ రాంచో అనే ఊరి దగ్గర ఎండకు కాలిపోయిన ముళ్లపొదలు, అక్కడి నుంచి పైకెక్కేకొద్దీ మబ్బుల అడవి. వాళ్ల జాతీయ పక్షి కెత్సాల్ కోసం కాపాడుతున్న అడవి ఆ దారిలోనే ఉంది. నేను మాట్లాడుకున్న కారు గంటన్నర ఆలస్యంగా వచ్చింది, ఏసీ కూడా పనిచేయలేదు. తిరుగు ప్రయాణానికి బస్సు ఎక్కాను, అదే నయం. పగటిపూటే బయలుదేరాలి.

కొబాన్‌లో పాత ఇళ్లనే లాడ్జిలుగా మార్చారు, మధ్యలో మొక్కల వాకిలి. గదిలో చలి ఉంటుంది, వేడినీళ్లు సన్నగా వస్తాయి, ‘చిపి చిపి’ అని పిలిచే తుంపర బట్టల్ని ఆరనివ్వదు. అయినా నా ఓటు దీనికే. యాలకుల పచ్చికాయ రైతు దగ్గర నుంచి దళారి చేతికి, అక్కడి నుంచి కట్టెలతో నడిచే ఆరబెట్టే కేంద్రానికి ఎలా చేరుతుందో ఇక్కడుంటేనే కళ్లారా చూస్తాం. ఆకుపచ్చ రంగు నిలిస్తేనే రేటు. ఊళ్లలో కెక్చి అనే మాయా భాష మాట్లాడతారు, చాలామంది ఆడవాళ్లకి స్పానిష్ అంతగా రాదు. అందుకే రెండు భాషలూ వచ్చిన మనిషిని కొబాన్‌లోనే కుదుర్చుకోండి, ఆ ఖర్చు దండగ కాదు. అడగకుండా ఫొటోలు తీయకండి, ముఖ్యంగా పిల్లలవి.

తిండికి ఇబ్బంది లేదు. మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన అరటిపండు అన్నిచోట్లా దొరుకుతాయి. టమాటాలు కాల్చి నూరే ‘చిర్మోల్’ అచ్చం మన రోటి పచ్చడిలా ఉంటుంది. శాకాహారులు గింజలు పంది కొవ్వుతో వండారేమో ముందే అడగాలి. మాంసం తినేవాళ్లు టర్కీ కోడి పులుసు ‘కకిక్’ కొబాన్‌లోనే తినాలి. హోటల్లో తినేసి లేచేటప్పుడు పక్క టేబుల్ వాళ్లకి ‘బ్వెన్ ప్రొవెచో’ (హాయిగా తినండి) అని చెప్పి వెళ్లడం అక్కడి పద్ధతి, మనం అన్నా సంతోషిస్తారు.

ఆంతిగ్వా వారాంతానికి బాగుంటుంది. 1773 భూకంపాలకి దెబ్బతిన్న పాత రాజధాని, కూలిన చర్చిల వెనక అగ్నిపర్వతాలు, వాటిలో ఫ్వేగో అనేది రాత్రిపూట ఒక్కోసారి నిప్పులు కక్కుతూ కనిపిస్తుంది. కానీ అక్కడ బస చేసి రోజూ రాజధానికి మీటింగులకి తిరగాలనుకుంటే ట్రాఫిక్‌లోనే సగం పూట పోతుంది. ఈస్టర్ ముందు వారం అసలు పని పెట్టుకోకండి, చాలా ఆఫీసులు మూతపడతాయి. రంగు రంపపు పొట్టుతో వీధుల్లో తివాచీలు పరిచి, ఊరేగింపులు వాటి మీదుగా నడిచే వారం అది. చూడాలనుంటే ఆంతిగ్వాలో గదిని నెలల ముందే బుక్ చేసుకోవాలి.