మాక్ ఇంటర్వ్యూ రికార్డింగ్: మూడు రెసిడెన్సీ సీజన్లు వాడిన తర్వాత

ఫార్మసీ రెసిడెన్సీకి (డిగ్రీ తర్వాత చేసే క్లినికల్ శిక్షణకు) దరఖాస్తులు తీసుకునే ఫోర్కాస్ వెబ్‌సైటులో వివరాలు ఎలా నింపాలి, సిఫారసు లేఖలు ఎవరిని అడగాలి, డిసెంబరులో జరిగే ఫార్మసిస్టుల మిడ్‌ఇయర్ సమావేశంలో రెసిడెన్సీ ప్రోగ్రాములవారి షోకేస్ బల్లల దగ్గర ఏమి మాట్లాడాలి వంటివి ఈ సమీక్షలో ఉండవు. అమెరికాలో ఫార్మ్‌డీ (ఫార్మసీ డాక్టరేట్ డిగ్రీ) చదువుతూ రెసిడెన్సీ మీద ఆశ పెట్టుకున్న వారికి నాలుగో సంవత్సరం రొటేషన్లు (ఒక్కో విభాగంలో కొన్ని వారాల శిక్షణ) మొదలయ్యేసరికే అవన్నీ కంఠతా వచ్చి ఉంటాయి. నేను చందా కట్టి వాడిన ఆన్‌లైన్ సన్నాహక సేవలో వాటి మీద పాఠాలు చాలానే ఉన్నాయి గాని, మా కళాశాల చెప్పని సంగతి వాటిలో ఒక్కటీ నాకు కనబడలేదు. నేను రాయదలచినది ఒకే ఒక్క సౌకర్యం గురించి: మాక్ ఇంటర్వ్యూను వీడియోగా రికార్డు చేసి, మెంటర్ పక్కనుండగా మనకే తిరిగి చూపించడం. పీజీవై1 (రెసిడెన్సీ మొదటి ఏడాది) కోసం ఒకసారి, పీజీవై2 (రెండో ఏడాది) కోసం మరొకసారి అభ్యర్థిగా, గత సీజన్‌లో మెంటర్‌గా దానిని వాడాను.

మొదటి రికార్డింగ్ జనవరిలో జరిగింది. ‘మీరు చేసిన ఒక క్లినికల్ ఇంటర్వెన్షన్ గురించి చెప్పండి’ అన్నది ప్రశ్న. ఇంటర్నల్ మెడిసిన్ రొటేషన్‌లో వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద ఉన్న ఒక రోగికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష విలువ) వరుసగా రెండు రోజులు పెరిగింది. బృందం ట్రఫ్ విలువ (తర్వాతి డోసుకు ముందు రక్తంలో మిగిలిన మందు స్థాయి) ఒక్కటే చూసి సరిపెట్టుకుంటుండగా, నేను రక్తంలో మందు స్థాయిలు రెండు తీసుకుని, రోజు మొత్తంలో ఒంటికి అందిన మందును తెలిపే ఏయూసీ లెక్కవేసి, అది 600 దాటిందని చూపి, మోతాదు తగ్గించమని సూచించాను. 2020 మార్గదర్శకాలు తీవ్రమైన ఎంఆర్‌ఎస్‌ఏ (చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా) ఇన్ఫెక్షన్లలో ఏయూసీ 400 నుంచి 600 మధ్య ఉండాలని చెబుతున్నాయి కాబట్టి కథకు ఆధారమూ గట్టిదే. బాగా చెప్పాననే అనుకున్నాను.

వీడియో చూశాక ఆ ధీమా పోయింది. నాలుగు నిమిషాల జవాబులో ‘వి’ (మేం) అన్న మాట పదకొండుసార్లు దొర్లింది. ‘ఐ’ (నేను) ఒక్కసారే, అదీ ‘ఐ థింక్’లో. మెంటర్ వీడియో ఆపి, “ఆ లెక్క వేసింది ఎవరు?” అని అడిగారు. నేనేనన్నాను. “ఈ వీడియోలో ఉన్నావిడ మాత్రం ఆ మాట ఎక్కడా చెప్పలేదు” అన్నారు. ఒంటరిగా చేసిన పనిని కూడా ‘మేం చూసుకున్నాం’ అని చెప్పడం మన ఇళ్లలో మర్యాద, పదేపదే ‘నేను’ అంటే బడాయి. ఆ మర్యాదను నాకు తెలియకుండానే ఇంగ్లీషులోకి మోసుకెళ్లాను. కాని ‘వి’ అని మాత్రమే వింటున్న ప్యానెల్‌కు లెక్క వేసింది విద్యార్థినా, రెసిడెంటా, శిక్షణ ఇచ్చే ప్రిసెప్టరా అన్నది తెలిసే దారి లేదు. నా జవాబులు రాసుకున్నవి చదివి దిద్దినవారు అంతకుముందు ముగ్గురున్నారు. కాగితం మీద ‘నేను’ అనే రాసేదాన్ని కాబట్టి వారిలో ఎవరికీ ఈ లోపం దొరకలేదు.

తర్వాత ధ్వని ఆపేసి మళ్లీ చూడమన్నారు. ప్రతి జవాబుకు ముందు నా కళ్లు తెర ఎడమవైపు అడుగుకు జారుతున్నాయి. చిన్న కాగితాలు అంటించుకున్నది అక్కడే. ఆ రాత్రే వాటిని పీకేశాను. మరో చిన్న మాట: రికార్డింగ్ బయటి సంస్థ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి రోగి చేరిన తేదీ, ఊరు వంటి గుర్తులు కథలోకి రాకూడదు. రోగి వివరాల గోప్యతను కాపాడే అమెరికా చట్టం హిపా నిబంధనలు నోటితో చెప్పే ముచ్చటకు కూడా వర్తిస్తాయని ఆ మెంటర్ హెచ్చరించారు గాని, సేవవారి సూచనల్లో ఎక్కడా ఆ ప్రస్తావన లేదు.

అప్పట్లో ఇద్దరు జూనియర్లకు ఈ సేవను ఏ షరతూ లేకుండా సిఫారసు చేశాను. ఇప్పుడైతే అలా చేయను. ఆ వాంకోమైసిన్ కథను తొమ్మిదిసార్లు రికార్డు చేయించారు. చివరికి అది గుక్క తిప్పుకోకుండా వచ్చే పద్యంలా తయారైంది. ఫిబ్రవరిలో జరిగిన అసలు ఇంటర్వ్యూలో ‘మీ సూచనను వైద్యుడు తిరస్కరించిన సందర్భం చెప్పండి’ అని అడిగారు. నా నోరు దానంతటదే వాంకోమైసిన్ అందుకుంది. ‘డాక్టర్ వెంటనే ఆర్డర్ మార్చారు’ అన్న చివరి వాక్యం బయటికి వచ్చాక గాని పొరపాటు తెలియలేదు. ప్యానెల్‌లో ఒకరు నవ్వి, “అయితే తిరస్కరించింది ఎవరు?” అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

నిజానికి అలాంటి సందర్భం నాకు ఉంది. ఒక రోగికి కడుపులో ఆమ్లం తగ్గించే పాంటొప్రజోల్ ఎందుకిస్తున్నారో చార్ట్‌లో కనబడక ఆపమని సూచిస్తే, ఆయనకు గతంలో అల్సర్ నుంచి రక్తస్రావమైందనీ, ఇప్పుడు ఆస్పిరిన్ కూడా వాడుతున్నారనీ డాక్టర్ పాత రికార్డు తెరిచి చూపించారు. ఇంటర్వ్యూ ముగిసిన పది నిమిషాలకు అది గుర్తొచ్చింది. సేవవారి ప్రశ్నల జాబితా చిన్నది, ఏడాదంతా మారదు. ఓడిపోయిన కథ అడిగే ప్రశ్న అందులో లేనే లేదు.

అభ్యర్థులు, ప్రోగ్రాములు ఇచ్చే ర్యాంక్ లిస్టులను జతచేసి స్థానాలు కేటాయించే పద్ధతినే మ్యాచ్ అంటారు. మార్చి మధ్యలో దాని మొదటి విడత, అంటే ఫేజ్ 1 ఫలితాల్లో నాకు మ్యాచ్ రాలేదు. ర్యాంక్ లిస్టులో ప్రోగ్రాములను మనకు నిజంగా ఇష్టమైన క్రమంలోనే పెట్టాలన్న సేవవారి సలహా సరైనదే. ఆ పద్ధతి పనిచేసే తీరు అభ్యర్థి ఇష్టానికే అనుకూలం, కాబట్టి నేరం అక్కడ లేదు. ఆ ఒక్క ప్రశ్న వల్లే పోయిందని కూడా అనలేను. ఫేజ్ 2లో భర్తీకాని స్థానాల జాబితా రాగానే కొత్త లేఖలు రాసి పంపడానికి చేతిలో ఉన్నది కొద్ది రోజులే, నాకు వచ్చిన ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే. అప్పుడు రికార్డింగ్‌ను నా పద్ధతిలో వాడాను: ప్రశ్నలు అడిగేది నా సహవిద్యార్థిని, ఒక కథ రెండోసారి చెప్పకూడదు, చూసేటప్పుడు ‘వి’, ‘ఐ’ పక్కపక్కన గీతలు గీసి లెక్కపెట్టాలి. ఏప్రిల్‌లో మ్యాచ్ వచ్చింది. పీజీవై2 సీజన్‌లో పాత వీడియోలు చూసుకుందామని తెరిస్తే అవి తొంభై రోజులకే చెరిగిపోయాయని తేలింది. చందా కట్టేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మెంటర్‌గా ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవారిని ఆరు కథలు తెచ్చుకోమంటున్నాను, వాటిలో కనీసం ఒకటి తాము పొరబడినదై ఉండాలి. కథలే లేనివారికి రికార్డింగ్ చేసేదేమీ లేదు. రెండు మూడు రొటేషన్లు కూడా పూర్తికాకుండా చందా కట్టిన ఒక విద్యార్థి వీడియోలో మాకు చూడటానికి చొక్కా రంగు తప్ప ఏమీ మిగల్లేదు.

నా పరిస్థితి వేరని కూడా గుర్తుంచుకోవాలి. మా కళాశాలకు సొంత ఆసుపత్రి లేదు, అడిగితే మాక్ ఇంటర్వ్యూ చేసే రెసిడెంట్లు చుట్టుపక్కల లేరు, ఇంగ్లీషు నా రెండో భాష. రెసిడెంట్లు అందుబాటులో ఉన్నవారికి ఫోన్ కెమెరా, మొహమాటం లేని ఒక స్నేహితురాలు సరిపోవచ్చు. మెంటర్లకు ఉచితం కాబట్టి ఈ ఏడాది నేను చందా కట్టలేదు. కట్టవలసి వచ్చి ఉంటే జనవరి ఒక్క నెలకే కట్టేదాన్ని.