ట్యూబా, కెమెరానా? మెదడు టీబీతో తలలో నీరు చేరిన పిల్లలకు ఏది మేలు?

బెంగళూరులో మా ఇల్లు నిమ్హాన్స్‌కి దగ్గర. అనంతపురం, మదనపల్లె వైపు నుంచి తల జబ్బుతో ఎవరొచ్చినా సంచులు మా ఇంట్లోనే దించుతారు. పిల్లలకు మెదడు టీబీ వచ్చి నీరు చేరిందంటే అందరిదీ ఒకటే ప్రశ్న: "ట్యూబు వద్దు, కెమెరాతో చేస్తారంట కదా అన్నా?"

ట్యూబంటే షంట్. మెదడు గదుల్లోని నీటిని చర్మం కిందుగా పొట్టలోకి దించే సన్నని గొట్టం. నీరు ఎక్కడ ఆగినా పనిచేస్తుంది, అదే దాని బలం. చిక్కంతా తర్వాతే. పిల్లల్లో 30–40 శాతం షంట్లు మొదటి ఏడాదిలోనే మొరాయిస్తాయి. మూసుకుపోవడమో, ఇన్ఫెక్షనో, మళ్లీ ఆపరేషన్.

కెమెరా అంటే ఎండోస్కోపీ. మెదడులోని మూడో గది అడుగున రంధ్రం చేసి నీటికి లోపలే దారి ఇస్తారు. ఒంట్లో ఏ వస్తువూ మిగలదు. వినడానికి ఇదే బాగుంటుంది, కానీ టీబీ దగ్గర లెక్క మారుతుంది. మెదడు అడుగున జిగట పదార్థం పేరుకుని ఉంటుంది. జబ్బు మొదట్లో ఆ అడుగు పొర మందంగా, మసకగా ఉంటుంది, దాని వెనకే మెదడుకు రక్తం తెచ్చే బేసిలార్ రక్తనాళం. చెయ్యి తప్పితే ప్రాణం మీదికొస్తుంది. పోనీ రంధ్రం పడినా, నీటిని పీల్చుకునే చోటే దెబ్బతింటే ఏం లాభం?

ఇది ఫలిస్తుందా అని ముందే అంచనా వేసే స్కోరు ఒకటుంది. వయసు, కారణం, ఇంతకుముందు షంట్ ఉందా అని చూస్తారు. కారణం ఇన్ఫెక్షన్ అయితే ఆ పద్దు కింద సున్నా. షంట్ లేని నాలుగేళ్ల పిల్లకు మొత్తం 50 వస్తుంది, అంటే ఫలించే అవకాశం దాదాపు 50 శాతం. బొమ్మా బొరుసే అన్నమాట.

అందుకే జబ్బు కొత్తగా ఉండి, పిల్ల మగతలోకి జారుతుంటే నేను షంట్ వైపే. కొన్ని వారాలు టీబీ మందులు పడి, నీటి దారికి అడ్డం ఎక్కడుందో స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తే కెమెరా మంచిది. పెట్టిన షంట్ పదేపదే మూసుకుంటున్నా అడిగి చూడాల్సిందే. అడ్డమేమీ లేక, పిల్ల తెలివిగానే ఉంటే ముందు మందులతో నీరు తగ్గించి చూస్తారు. మాటిమాటికీ గుర్తొచ్చేది వెల్లూరు సీఎంసీ డాక్టర్ల పని: 1991లో వాళ్లు ఈ జబ్బున్నవాళ్ల పరిస్థితిని నాలుగు మెట్లుగా విడదీశారు. ఆపరేషన్‌కి ముందు పిల్ల ఏ మెట్టు మీద ఉందన్నదాన్ని బట్టే చాలావరకు ఫలితం. ఏ పద్ధతా అని తర్జనభర్జన పడుతూ రోజులు గడపడం అన్నిటికంటే నష్టం.

ఏది చేసినా టీబీ మాత్రలు దాదాపు ఏడాది మింగాల్సిందే. ట్యూబు లేదు కదా అని ఊరెళ్లాక వాంతులొస్తే "తిన్నది పడలేదేమో" అనుకోకండి. ఆ రంధ్రం కూడా మూసుకుపోవచ్చు.