బ్రెక్‌లాండ్ బీడు భూముల్లో చెకుముకి రాళ్ల వెంట: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

ఇంగ్లండ్‌లో రాతియుగం అనగానే మనవాళ్ల కార్లన్నీ స్టోన్‌హెంజ్ వైపు తిరుగుతాయి. నిలబెట్టిన బండలు చూడ్డానికి అదే చోటు, కాదనను. కానీ ఆ కాలం మనుషులు చేత్తో పట్టుకుని చెట్టు నరికిన రాయి, తోలు గీకిన రాయి, ఆ రాయి కోసం వాళ్లు తవ్విన గొయ్యి చూడాలనుంటే నార్ఫోక్, సఫోక్ సరిహద్దులోని బ్రెక్‌లాండ్‌కు రావాలి. మా నాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆయన్నీ, మా ఆయన్నీ, మా బాబునీ వెంటేసుకుని వెళ్లొచ్చాను. నాన్నది బేతంచర్ల. నాపరాయి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో బతుకంతా గడిపిన మనిషి. రాజుల కోటలు చూపిస్తే ఐదు నిమిషాల్లో టీ ఎక్కడ అంటాడు. ఇక్కడ మాత్రం మమ్మల్నే తొందరపెట్టాడు.

ముందు నేల గురించి చెప్పాలి. కింద సుద్దరాయి, దాని మీద పల్చగా ఇసుక. వాన తక్కువ, పంట అంతంతమాత్రం. శతాబ్దాల పాటు గొర్రెలు, కుందేళ్లు మేసి మేసి హీత్ అనే బీడుగా మిగిలింది. గాలికి ఇసుక లేచిపోతే, కుందేలు బొరియ తవ్వితే, నాగలి తిరగేస్తే లోపలి చెకుముకి పనిముట్లు పైకి తేలేవి. పంతొమ్మిదో శతాబ్దంలో పాదిరీలు, డాక్టర్లు, పత్రికల వాళ్లు ఇక్కడికి ఎగబడ్డది అందుకే. డబ్ల్యూ.జి. క్లార్క్ అనే నార్విచ్ పత్రికాయన ఈ బీళ్లన్నీ కాలినడకన తిరిగి రాళ్లు ఏరాడు. ఈ ప్రాంతానికి బ్రెక్‌లాండ్ అన్న పేరు 1894లో ఆయన పెట్టిందే. డరమ్ నుంచి వచ్చిన పాదిరీ విలియం గ్రీన్‌వెల్ రాళ్లూ కొన్నాడు, గోతులూ తవ్వాడు. ఆయన రాతి పనిముట్లు ఐక్లింగమ్ హాల్‌లో ఉండే డాక్టర్ అలెన్ స్టర్జ్ చేతికి, 1919లో స్టర్జ్ పోయాక ఆయన సొంత సేకరణతో కలిసి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అంటే మంచి సరుకులో పెద్ద భాగం లండన్‌లో ఉంది. మరి ఇంత దూరం ఎందుకు రావడం అంటారా? అక్కడ అద్దాల వెనక రాయి కనిపిస్తుంది. అది ఎక్కడి నుంచి, ఎంత కష్టంతో వచ్చిందో ఇక్కడే కనిపిస్తుంది.

కనక మొదటి ఓటు గ్రైమ్స్ గ్రేవ్స్‌కే. థెట్‌ఫర్డ్ ఊరికి వాయవ్యంగా ఏడు మైళ్లు, ఏ134 రోడ్డు మీంచి లోపలికి తిరగాలి. పేరులో గ్రేవ్స్ ఉంది గానీ సమాధులేం లేవు. ఇవి సుమారు 4,600 ఏళ్ల కిందటి చెకుముకి గనులు. పైనుంచి చూస్తే చుట్టూ పైన్ అడవి, మధ్యలో గడ్డి మైదానం, ఆ మైదానమంతా రవ్వట్టు మీద గుంటల్లా గుంటలే గుంటలు. ఒక్కో గుంట పూడిపోయిన ఒక్కో గొయ్యి. లెక్కకు వచ్చినవే 433. చాలాకాలం వీటిని ఏదో పాత దండు విడిది అనుకున్నారు. గ్రీన్‌వెల్ 1868లో మొదలుపెట్టి 1870 దాకా ఒక గొయ్యి అడుగు ముట్టేదాకా తవ్వించాక గానీ ఇవి గనులని తేలలేదు.

మనం దిగేది గ్రీన్‌వెల్ తవ్వింది కాదు, ఒకటో నంబరు గొయ్యి. క్లార్క్, స్టర్జ్ వాళ్లు కలిసి 1908లో పెట్టుకున్న తూర్పు ఆంగ్లియా ప్రాక్చరిత్ర సంఘం 1914లో దాన్ని తవ్వించింది. లోతు తొమ్మిది మీటర్లు. ఒకప్పుడు నిలువు నిచ్చెన పట్టుకుని దిగాల్సి వచ్చేదట. ఇప్పుడు మెట్లు పెట్టారు, అయినా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. తలకు హెల్మెట్ ఇస్తారు. చెప్పులు, ఎత్తు మడమలు కుదరవు, బూట్లే. చంటిపిల్లలను లోపలికి దించనివ్వరు కాబట్టి ఎవరో ఒకరు పైన ఉండాలి. ఎండాకాలంలో వెళ్లినా స్వెటర్ ఉంచుకోండి, కింద చల్లగా తేమగా ఉంటుంది.

అడుగున నిలబడి తలెత్తితే గోడల్లో తెల్లటి సుద్ద మధ్య నల్లటి చెకుముకి వరసలు పొరలుగా కనిపిస్తాయి. పై పొర టాప్‌స్టోన్, మధ్యది వాల్‌స్టోన్, అడుగుది ఫ్లోర్‌స్టోన్. ఈ పేర్లు తర్వాతి కాలంలో బ్రాండన్ గని కూలీలు పెట్టుకున్నవి. రాతియుగం వాళ్లు పై రెండు పొరలనూ దాటేసి నేరుగా ఫ్లోర్‌స్టోన్ దాకా పోయి, అక్కడి నుంచి నాలుగు వైపులా సొరంగాలు తీశారు. సొరంగాల మూతులకు గ్రిల్స్ ఉన్నాయి, వంగి లోపలికి చూడొచ్చు. నాన్న ఒక గ్రిల్ దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

"పై రాయిని ముట్టుకోకుండా కిందికే పోయినారంటే వీళ్లకు రాయి తెలుసు పాపా. మరి ఇంత సుద్ద తవ్వి యాడ పోసినారు?"

అక్కడున్న ఉద్యోగినిని అడిగాను. కొత్త గొయ్యి తవ్విన సుద్దతో పక్కనున్న పాత గొయ్యిని పూడ్చేవాళ్లట. పైన కనిపించే గుంటలు ఆ పూడిక కుంగినవే. నాన్న ముఖం వెలిగింది. "మా క్వారీల్లో ఈ బుద్ధి ఉండుంటే ఊరి చుట్టూ ఆ గుట్టలు ఉండేవే కాదు," అన్నాడు. ఇంత విషయం నాలుగు బోర్డులు చదివినా నాకు తలకెక్కేది కాదు.

తవ్వడానికి వాళ్ల పనిముట్టు ఎర్రజింక కొమ్ము. కొమ్ములో కొసలన్నీ తీసేసి ఒక్కటి ఉంచితే పికాసు అయింది. గ్రీన్‌వెల్ తవ్వించిన ఒక సొరంగంలో ఆ రాతియుగంలోనే పైకప్పు కూలి, వెనకాల పికాసులు పెట్టినచోటే ఉండిపోయాయి. వాటి పిడికి అంటిన సుద్ద మీద పట్టుకున్నవాడి వేలిముద్రలు ఉన్నాయని ఆయన రాశాడు. పచ్చరాతి గొడ్డలి కూడా ఒకటి దొరికింది, గోడ మీద దాని దెబ్బల గుర్తులతో సహా. పైన ఉన్న చిన్న ప్రదర్శన గదిలో కొమ్ము పికాసులను దగ్గరగా చూడండి. కొస ఎంత అరిగిందో చూస్తే తవ్వినవాడి భుజం నొప్పి మనకు తెలుస్తుంది. 1939లో ఇక్కడ దొరికిందని చెప్పిన సుద్ద దేవత బొమ్మ కథ కూడా చదవండి. ఎవరో చెక్కి గోతిలో పెట్టారన్న అనుమానం ఈనాటికీ పోలేదు.

సేవలు ఎలా ఉన్నాయంటే, సిబ్బంది మర్యాద, ఓపిక బాగున్నాయి. పిల్లాడి ప్రశ్నలకు విసుక్కోలేదు. తిండి మాత్రం మీరే తెచ్చుకోండి. మేం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పట్టుకెళ్లి బయట గడ్డిలో కూర్చుని తిన్నాం. గాలి ఎక్కువ, ప్లేట్లు ఎగిరిపోతాయి. చలికాలంలో తెరిచే రోజులు తగ్గుతాయి కాబట్టి చూసుకుని టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. ఇంకోటి, నేల మీద రాళ్లు కుప్పలుగా పడి ఉంటాయి కదా అని జేబులో వేసుకోకండి. రక్షిత స్థలం, చిన్న పెచ్చు కూడా తీయకూడదు. మా బాబు జేబులో రెండు దొరికితే వాళ్ల నాన్న వెనక్కి పెట్టించాడు.

కారు లేనివాళ్లకు ఇది కష్టమైన చోటు. థెట్‌ఫర్డ్, బ్రాండన్ రెండిటికీ ఈలీ, నార్విచ్ మధ్య నడిచే రైలు ఉంది, లండన్ నుంచి ఈలీలో మారొచ్చు. స్టేషన్ నుంచి గనుల దాకా బస్సు లేదు. నా స్నేహితురాలు టాక్సీలో వెళ్లింది. తిరిగి తీసుకెళ్తానన్నవాడు రాలేదు, అడవిలో ఫోన్ సిగ్నల్ సరిగా లేదు, చివరికి వేరే సందర్శకుల కారెక్కి బయటపడింది. రానూపోనూ ఒకే బండిని మాట్లాడుకుని అక్కడే ఆపించుకోవడం మేలు.

బ్రాండన్‌లో గంట చాలు. ఊళ్లో ఇళ్ల గోడలే చూడదగ్గవి. నల్లటి చెకుముకిని చదరంగా చెక్కి పేర్చారు. నెపోలియన్ యుద్ధాల కాలంలో తుపాకుల్లో నిప్పు రాజేసే చెకుముకి ముక్కలు ఈ ఊరే బ్రిటిష్ సైన్యానికి చేసిపెట్టింది. ఆ చేతులే తర్వాత సేకర్తల కోసం 'ప్రాచీన' బాణపు మొనలు కూడా చేశాయని చెప్పుకుంటారు. ఆ కళలో మొనగాడు మాత్రం ఇక్కడివాడు కాదు, యార్క్‌షైర్ వాడు, ఫ్లింట్ జాక్ అని పేరుపడ్డ ఎడ్వర్డ్ సింప్సన్. దేశమంతా తిరిగి నకిలీ రాళ్లు అమ్మి పండితుల్నే బోల్తా కొట్టించాడు. బ్రాండన్ హెరిటేజ్ సెంటర్‌లో రాయి చెక్కే పని గురించి చూపిస్తారు. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపేది, రోజూ తెరవరు.

నా లెక్కలో అందరూ తక్కువ అంచనా వేసే చోటు థెట్‌ఫర్డ్‌లోని ఏన్షెంట్ హౌస్ మ్యూజియం. సుమారు 1490 నాటి వ్యాపారి ఇల్లు, చెక్కిన దూలాలు. దాన్ని కొని 1921లో ఊరికి ఇచ్చేసింది ప్రిన్స్ ఫ్రెడరిక్ దులీప్ సింగ్, అంటే పంజాబ్ చివరి మహారాజు కొడుకు. ఆయనకూ పాత వస్తువుల పిచ్చే. ఇల్లు చిన్నది, గంటన్నరలో అయిపోతుంది. కానీ రాళ్లను పరిచయం చేసే తీరు పెద్ద మ్యూజియాల్లో లేదు. మనిషి కొట్టిన పెచ్చుకు దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు ఉంటుంది, అక్కడి నుంచి అలలు అలలుగా గీతలు పరుచుకుంటాయి. మంచుకు పగిలిన రాయికి ఆ ఉబ్బు ఉండదు. ఈ ఒక్కటి పట్టుకుంటే ఆ తర్వాత ఏ మ్యూజియంలో ఏ రాయి చూసినా చదవగలుగుతారు.

కుండపెంకుల సంగతి వేరు. పాత సేకర్తలకు వాటి మీద మోజు తక్కువ. సమాధి దిబ్బల్లో దొరికిన నిండు కుండలు పట్టుకెళ్లారు, గ్రీన్‌వెల్ తన దిబ్బల సరుకును 1879లోనే బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చాడు. బీట్లో దొరికే పెంకు ముక్కను వంగి తీసినవాళ్లు అరుదు. దాంతో బాణపు మొనలు సొరుగుల నిండా ఉన్నా, అవి ఏ కుండలతో కలిసి దొరికాయో, ఏ పొరలో దొరికాయో చాలావాటికి తెలియదు. ఆ లోటు తీరడానికి 1950ల్లో మిల్డెన్‌హాల్ దగ్గర హర్స్ట్ ఫెన్‌లో గ్రేమ్ క్లార్క్ (పత్రికాయన క్లార్క్ కాదు, పురావస్తు శాస్త్రవేత్త) తవ్వకాల లాంటివి కావాల్సొచ్చాయి. పెంకు కనిపిస్తే విరిగిన అంచును చూడండి. నల్లటి మట్టిలో తెల్లటి పలుకులు ఉంటాయి. అవి కాల్చి దంచిన చెకుముకి పొడి. కుండ కాల్చేటప్పుడు పగలకుండా మట్టిలో కలిపేవాళ్లు. గొడ్డలికి పనికిరాని ముక్క కుండలోకి పోయిందన్నమాట.

బస విషయంలో మాకు రెండు అనుభవాలు. మొదటి రాత్రి థెట్‌ఫర్డ్‌లో ఒక పాత సత్రంలో దిగాం, పేరు చెప్పను. ఫొటోల్లో అందంగా ఉంది. మా గది కింద బార్. అర్ధరాత్రి దాకా పాటలు, కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే గోల. పొద్దున్న టిఫిన్‌లో శాకాహారికి దొరికింది బీన్స్, టోస్టు. బయట వేరే గది అడిగితే అదనపు డబ్బు కట్టమన్నారు. అక్కణ్నుంచి ఊరి బయట అడవి అంచున వంటగది ఉన్న చెక్క ఇంట్లోకి మారాం. అద్దె ఎక్కువే, ఒక్క రాత్రికి ఇవ్వరు. కానీ రెండు కుటుంబాలు పంచుకుంటే గిట్టుబాటు అవుతుంది, అన్నం వండుకోవచ్చు, నాన్న పొద్దున్నే లేచి పైన్ చెట్లలో తిరిగొచ్చేవాడు. పెద్దవాళ్లతో వెళ్తే నేను రెండోదే చెప్తాను. జంటగా వెళ్లేవాళ్లకు కేంబ్రిడ్జ్‌లో ఉండి పొద్దున వెళ్లి సాయంత్రం రావడమూ తేలికే.

బీడు బీడుగా ఎలా ఉండేదో చూడాలంటే వీటింగ్ హీత్ లేదా నెటిషల్ హీత్ చూడాలి, ఎందుకంటే ఇప్పుడు మిగతాదాంట్లో చాలా భాగం 1922 నుంచి నాటిన థెట్‌ఫర్డ్ అడవి. వీటింగ్‌లో వేసవిలో స్టోన్ కర్ల్యూ అనే పిట్టలను చూడ్డానికి గుడిసెలు కట్టారు. మాకు పిట్ట కనిపించింది గానీ వినిపించలేదు, పైన యుద్ధ విమానాల మోత. నెటిషల్‌లో నడక దారులు బాగున్నాయి, పిల్లలకు అదే నయం.

దారిలోనే ఎల్వెడెన్. ఫ్రెడరిక్ తండ్రి, మహారాజా దులీప్ సింగ్ 1863లో కొన్న ఎస్టేటు, చర్చి ఆవరణలో ఆయన సమాధి. రాళ్లకూ దీనికీ సంబంధం లేదు, అయినా కారు ఆపకుండా పోలేం. ఆ 1863లోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మద్రాసు పక్కన పల్లావరంలో మన దేశపు పాతరాతి గొడ్డలిని గుర్తించాడు, 1880ల్లో మా బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు తవ్వించాడు. "ఆ గుహల పక్కనే నేను పశువులు మేపినా. అక్కడ టికెట్టూ లేదు, మెట్లూ లేవు, చెప్పేవాడూ లేడు," అన్నాడు నాన్న. ఫూట్ సేకరణ మద్రాసు మ్యూజియంలో ఉందని చెప్తే, పోయేటప్పుడు చెన్నైలో దిగి చూసే పోతానన్నాడు.

తిరుగు దారిలో నార్విచ్ కోట మ్యూజియమా, కేంబ్రిడ్జ్ పురావస్తు మ్యూజియమా అని తేల్చుకోవాల్సి వస్తే: నార్విచ్‌లో హేజ్‌బరా సముద్రతీరంలో దొరికిన చేతిగొడ్డలి ఉంది, దాని ముందు గ్రైమ్స్ గ్రేవ్స్ నిన్నగాక మొన్నటిది. కానీ టికెట్ ఉంది, కోట మొత్తం తిరగాలంటే పూట పడుతుంది. కేంబ్రిడ్జ్‌ది ఉచితం, గంటలో అవుతుంది, లండన్ వెళ్లేవాళ్లకు దారిలోనే. కారు ఊరి బయట పార్క్ అండ్ రైడ్‌లో పెట్టి బస్సెక్కండి. జాన్ ఫ్రియర్ 1797లో ఉత్తరం రాసి తెలియజేసిన చేతిగొడ్డళ్లు దొరికిన హాక్స్‌న్ ఊరు కూడా చూడాలనుకున్నాను గానీ, అక్కడ ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏం లేదు. ఉన్న టైమును రెండోసారి గొయ్యి దిగడానికి వాడుకోండి.