ఇంట్లో చూసే మొదటి పాత సినిమా: ఏది మేలు?

పాత సినిమాల జోలికి పెద్దగా వెళ్ళని మిత్రులు ఎవరైనా ఇంట్లో చూడటానికి ఒక మంచి సినిమా చెప్పమని అడిగితే, నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన సినిమా పేరే చెప్పడం చాలాకాలం నాకు అలవాటుగా ఉండేది. అలా ఒక మిత్రుడికి లారెన్స్ ఆఫ్ అరేబియా చూడమని ఎంతో ఇష్టంగా చెప్పాను. ఆయన గంటసేపు చూసి ఆపేశారు. ఇసుక తప్ప తనకేమీ కనబడలేదని, పాత సినిమాలు తనకు సరిపడవనిపించిందని అన్నారు. మొదట బాధ కలిగింది. కానీ అదే సినిమాను ఇంట్లో 43 అంగుళాల టీవీలో మళ్ళీ చూసినప్పుడు, ఆయన అన్నదాంట్లో నిజం ఉందని తెలిసింది. సినిమాలో లోపం లేదు, ఆయనలోనూ లేదు. ఆ సినిమాను ఆ తెర మీద, మొట్టమొదటి పరిచయంగా చూడమనడమే పొరపాటు. అప్పటినుంచి ఎవరైనా అడిగితే, ఇంటి తెర మీద ఏది నిలుస్తుంది, ఏది నీరసపడుతుంది అన్నది ముందు చూసుకుంటున్నాను. సిడ్నీ లూమెట్ తీసిన ట్వెల్వ్ యాంగ్రీ మెన్ (1957), ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన రియర్ విండో (1954), చార్లీ చాప్లిన్ తీసిన సిటీ లైట్స్ (1931), యసుజిరో ఓజు తీసిన టోక్యో స్టోరీ (1953), డేవిడ్ లీన్ తీసిన లారెన్స్ ఆఫ్ అరేబియా (1962), ఈ అయిదింటినీ ఆ దృష్టితో పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు తెర కొలత సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగతా తీర్పులు చాలావరకు దానిమీదే ఆధారపడ్డాయి. 43 అంగుళాల టీవీ తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. లారెన్స్ ఆఫ్ అరేబియా ఎత్తుకు 2.2 రెట్ల వెడల్పుతో తీసిన సినిమా కాబట్టి ఆ తెర మీద పైనా కిందా నల్లపట్టీలు పోగా దానికి మిగిలే ఎత్తు 43 సెంటీమీటర్లే. దాదాపు చతురస్రంగా ఉండే సిటీ లైట్స్‌కు మాత్రం 53 సెంటీమీటర్ల ఎత్తూ దక్కుతుంది, పక్కల్లోనే నల్లపట్టీలు వస్తాయి. థియేటర్లో ఎంతో పెద్దదిగా కనిపించే సినిమా ఇంట్లో కుదించుకుపోతుంది. అక్కడ చిన్నదనిపించేది ఇక్కడ నిటారుగా నిలబడుతుంది. మనుషుల ముఖాల మీద నడిచే సినిమాలు ఇంట్లో ఎందుకు బాగుంటాయో ఈ లెక్కే చెబుతుంది: దగ్గరగా తీసిన ముఖం టీవీలో కూడా నిజమైన ముఖం కంటే పెద్దదిగానే ఉంటుంది. దూరాలను చూపే సినిమాకు ఆ వెసులుబాటు లేదు.

ట్వెల్వ్ యాంగ్రీ మెన్ ఈ విషయంలో అన్నిటికంటే ముందుంటుంది. 96 నిమిషాల సినిమాలో కొద్ది నిమిషాలు తప్ప మిగతాదంతా ఒకే గదిలో, ఒక బల్ల చుట్టూ, పన్నెండు మంది జ్యూరీ సభ్యుల (కోర్టులో తీర్పు చెప్పడానికి ఎంపికైన మామూలు పౌరుల) మధ్య జరుగుతుంది. హత్యానేరం మోపబడిన ఒక కుర్రవాడి ప్రాణం వాళ్ళ చేతుల్లో ఉంది. మొదటి ఓటులో పదకొండు మంది అతడు దోషి అంటారు, ఒక్కడు మాత్రం మాట్లాడుకుందాం అంటాడు. చూసేవాళ్ళకు ఇంతకంటే ముందుగా చెప్పవలసిన కథ లేదు. అసలు ఈ కథ పుట్టిందే ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళ కోసం. రెజినాల్డ్ రోజ్ దీన్ని మొదట టెలివిజన్ నాటకంగా రాశారు, అది 1954లో ప్రసారమైంది. లూమెట్ కూడా టెలివిజన్ నుంచి వచ్చినవాడే, సినిమాగా ఇదే ఆయనకు మొదటిది.

అలాగని ఇది కెమెరా ముందు ఆడిన నాటకం మాత్రమే అనుకుంటే దాని పనితనానికి అన్యాయం చేసినట్టే. సినిమా మొదటి భాగంలో కెమెరాను కంటి ఎత్తుకు పైన ఉంచి, తర్వాతి భాగంలో కంటి ఎత్తుకు దించి, చివరి భాగంలో ఇంకా కిందికి తెచ్చి, దానితోపాటు దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే పొడవాటి లెన్సులు క్రమంగా వాడుతూ పోయానని లూమెట్ స్వయంగా రాశారు. అందువల్ల సగం సినిమా గడిచేసరికి గోడలు దగ్గరికి జరిగినట్టు, చివరికి పైకప్పు కూడా మీదికి వచ్చినట్టు ఉంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఈ సంగతి తెలియదు, ఉక్కపోతగా అనిపించిందంతే. రెండోసారి చూస్తూ ఆ ఉక్క ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడం నాకు ఎంతో ఆనందాన్నిచ్చింది.

ఇందులో నాలుగో నంబరు సభ్యుడిని ప్రత్యేకంగా గమనించమని అందరికీ చెబుతుంటాను. మిగతావాళ్ళు చొక్కాలు తడిసి, టైలు వదులు చేసుకుని కూర్చుంటే, ఆయన కోటు కూడా విప్పడు. మీకు చెమటే పట్టదా అని ఒకరు అడిగితే, పట్టదు అంటాడు. చాలాసేపటి తర్వాత, కొద్ది రోజుల కిందట తాను చూసిన సినిమా వివరాలు చెప్పమని ఎనిమిదో నంబరు సభ్యుడు అడుగుతూ పోతే, ఒక పేరు దగ్గర తడబడతాడు. అప్పుడు రుమాలు తీసి నుదురు తుడుచుకుంటాడు. ఎవరూ ఒక్క మాట అనరు. ఒక మనిషి నమ్మకం కదలడాన్ని అంత చిన్న చేతి కదలికలో చూపిన సన్నివేశం నాకు తెలిసి మరొకటి లేదు, అది చిన్న తెర మీద కూడా చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. మధ్యలో ఫోన్ మోగినా, గదిలో దీపం వెలుగుతున్నా ఈ సినిమాకు పెద్దగా నష్టం జరగదు.

దీనికి ఉన్న ఒకే ఒక ఇబ్బంది మాటలు. పన్నెండు మంది ఒకరి మీదొకరు పడి మాట్లాడుతుంటారు. ఆంగ్లం చెవికి సులువుగా అందనివారు అంతసేపూ తెర అడుగున సబ్‌టైటిల్స్ చదువుతూ కూర్చోవాలి, అలా చదువుతుండగానే నాలుగో నంబరు సభ్యుడి రుమాలు దాటిపోతుంది. అలాంటివారికి దీన్ని మొదటి సినిమాగా చెప్పడం తగదని నా అభిప్రాయం.

అక్కడే రియర్ విండోకు పైచేయి దొరుకుతుంది. కాలు విరిగి చక్రాల కుర్చీకి అతుక్కుపోయిన ఒక ఫోటోగ్రాఫర్, వేసవి ఉక్కలో, తన వెనక కిటికీ నుంచి ఎదురింటివాళ్ళను చూస్తూ ఉంటాడు. ఒక ఇంట్లో ఏదో ఘోరం జరిగిందని అతడికి అనుమానం వస్తుంది. సినిమా మొదట్లో కెమెరా అతడి గదిలో మెల్లగా తిరుగుతూ కట్టు వేసిన కాలిని, పగిలిన కెమెరాను, గోడ మీద రేసు కారు ప్రమాదపు ఫోటోను చూపిస్తుంది. అతడెవరో, కాలు ఎలా విరిగిందో ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది. ఇలాంటి మాటల్లేని భాగాలు సినిమా పొడవునా ఉన్నాయి. ఎదురు కిటికీలో ఒంటరిగా ఉండే ఒకామె ఇద్దరికి బల్ల సర్ది, రాని అతిథిని ఊహించుకుని గ్లాసు ఎత్తుతుంది. ఇవతల చీకట్లో నుంచి ఫోటోగ్రాఫర్ కూడా తన గ్లాసు ఎత్తుతాడు, ఆమెకు ఆ సంగతి తెలియదు. ఉత్కంఠ కోసం చూసే సినిమాలో ఇంతటి దయ దాగి ఉందని నేను ఊహించలేదు.

ఇంకొక కారణం కూడా ఉంది. కుర్చీలో కూర్చుని, కదలకుండా, ఎదురుగా ఉన్న చతురస్రాల్లో ఇతరుల జీవితాలను చూసే మనిషి కథ ఇది. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూసేవాడి స్థితి అచ్చంగా అదే. పారామౌంట్ స్టూడియోలో ముప్ఫై ఒక్క వాటాలతో వేసిన ఒకే సెట్‌లో దాదాపు సినిమా అంతా తీశారు, కెమెరా ఆ ఫోటోగ్రాఫర్ గదిని విడిచి బయటికి వెళ్ళేది చాలా అరుదు.

కానీ ఈ సినిమా గదిలో చీకటిని అడుగుతుంది. అర్ధరాత్రి వాటాల ముంగిట్లో ఒక సంఘటన జరిగి అందరూ కిటికీల దగ్గరికి పరుగెత్తుకొచ్చినప్పుడు, ఒక్క కిటికీ మాత్రం చీకటిగానే ఉంటుంది. ఆ చీకట్లో సిగరెట్ నిప్పు ఒకసారి ఎర్రగా వెలిగి తగ్గుతుంది. ఒళ్ళు జలదరించే క్షణం అది. గదిలో దీపం వెలుగు టీవీ తెర మీద పడితే ఆ నిప్పు చుక్క కనబడదు, ఫోన్‌లో చూస్తే అసలే కనబడదు. రంగులు వెలిసిపోయిన పాత ప్రింట్లలో కూడా ఇలాంటివి మసకబారిపోతాయి కాబట్టి పునరుద్ధరించిన ప్రతిని వెతికి చూడటం అవసరం. దీపాలార్పి, పునరుద్ధరించిన ప్రతితో, 112 నిమిషాలు ఎవరూ పిలవకుండా కూర్చోగలిగితే ఈ అయిదింటిలో రియర్ విండో ఇచ్చినంత తృప్తి ఇంట్లో మరొకటి ఇవ్వదు. అది కుదరని ఇంట్లో ట్వెల్వ్ యాంగ్రీ మెన్ నమ్మదగినది.

భాషలూ వయసులూ కలగలిసిన పదిమంది కూర్చుని చూసేటట్లయితే ఈ రెండూ పక్కన పెట్టి సిటీ లైట్స్ వేయమంటాను. మాటల సినిమాలు వచ్చేసిన తర్వాత కూడా పట్టుబట్టి చాప్లిన్ తీసిన మూకీ ఇది, నిడివి 87 నిమిషాలు. సంగీతం కూడా ఆయనే కూర్చారు. అక్కడక్కడ వచ్చే కొద్దిపాటి అక్షరాల చట్రాలను ఎవరో ఒకరు పైకి చదివి చెబితే చాలు. బాక్సింగ్ పోటీలో రిఫరీ వెనక దాక్కుంటూ తిరిగే ఆ బక్క మనిషిని చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు, చివరి సన్నివేశంలో పెద్దవాళ్ళు మౌనమైపోతారు. ఆ చివరి సన్నివేశం గురించి ముందుగా ఎవరికీ ఏమీ చెప్పవద్దని మాత్రం వేడుకుంటాను.

అయితే దీన్ని చూసే ముందు టీవీ సెట్టింగులు సరిచూసుకోవాలి. పక్కల నల్లపట్టీలు నచ్చక చాలామంది బొమ్మను తెర నిండా సాగదీస్తారు. దానితో చాప్లిన్ మూడో వంతు లావెక్కుతాడు, ఆ దేహంలోని చురుకుదనమంతా పోతుంది. కొత్త టీవీల్లో కదలికను నున్నగా చేసే అమరిక కూడా ఉంటుంది. ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను కల్పించి ఇరికించే ఆ అమరిక పాత సినిమాను నిన్న తీసిన వీడియోలాగా మారుస్తుంది. దాన్ని ఆపేయాలి. ఇది అయిదు సినిమాలకూ వర్తించే మాటే.

టోక్యో స్టోరీ విషయంలో నాకు కొంత సందిగ్ధం ఉంది. సైట్ అండ్ సౌండ్ పత్రిక 2012లో దర్శకుల ఓట్లు సేకరించినప్పుడు దీనికే మొదటి స్థానం వచ్చింది, అందువల్ల జాబితాలు చూసి సినిమాలు ఎంచుకునేవాళ్ళు దీనితోనే మొదలుపెడుతుంటారు. పిల్లలను చూడటానికి నగరానికి వచ్చిన ముసలి దంపతుల కథ ఇది. నేల మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తుకంటే కూడా కిందుగా ఉండే కెమెరా, దాదాపు ఎన్నడూ కదలదు. ఇళ్ళలో జరిగే ఈ కథ ఇంటి తెర మీద చక్కగా ఇముడుతుంది, ఆ మాట నిజం. కానీ 136 నిమిషాల పాటు ఇది ఎక్కడా చూసేవాడిని బలవంతంగా పట్టి కూర్చోబెట్టదు, చేతికందే దూరంలో ఫోన్ ఉంటే చెయ్యి దానివైపే వెళుతుంది. నేను మొదటిసారి సగంలో ఆపాను. చాలా పాత సినిమాలు చూసిన తర్వాత తిరిగి వచ్చి చూస్తే, ముసలాయన చివర్లో ఒంటరిగా విసనకర్ర విసురుకుంటూ కూర్చున్నప్పుడు కళ్ళు చెమ్మగిల్లాయి. అందుకే దీన్ని నాలుగో సినిమాగానో అయిదో సినిమాగానో చెబుతాను, మొదటిదిగా చెప్పను.

ఇక లారెన్స్ ఆఫ్ అరేబియా. ఎండమావిలో చుక్కలా మొదలై ఒంటె మీద మెల్లగా దగ్గరయ్యే నటుడు ఒమర్ షరీఫ్ ప్రవేశాన్ని ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ 482 మిల్లీమీటర్ల పొడవాటి లెన్స్‌తో తీశారు. పెద్ద తెర మీద ఆ చుక్కను కళ్ళు చిట్లించి వెతకడంలోనే భయం పుడుతుంది. ఇంట్లో ఆ చుక్క తెర మీది దుమ్ములా ఉంటుంది, నా మిత్రుడు దాన్ని గమనించనే లేదు. ఇంట్లో చూడనే కూడదని అనను. పైన చెప్పినవాటిలో మూడయినా చూసి, కన్ను అలవాటు పడిన తర్వాత, దొరికినంతలో పెద్ద తెర మీద, ఒక సెలవురోజు మధ్యాహ్నం పూర్తిగా దానికే కేటాయించి, తెరకు మామూలుకంటే రెండడుగులు దగ్గరగా జరిగి కూర్చుని చూడాలి. మూడు ముప్పావు గంటల సినిమా కాబట్టి, అందులోనే ఇచ్చిన విరామం దగ్గర నిజంగానే లేచి కాళ్ళు చాపుకోవాలి. మొదట్లో నాలుగు నిమిషాలకు పైగా తెర నల్లగా ఉండి సంగీతం మాత్రమే వినిపిస్తుంది. టీవీ పాడైందనుకుని దాన్ని ముందుకు జరపకుండా, ఆ సంగీతంతోనే గదిలో దీపాలు ఆర్పాలి. నా మిత్రుడికి ఈసారి ఈ మాటలన్నీ ముందే చెప్పాను. ఆయన ట్వెల్వ్ యాంగ్రీ మెన్ చూశారు, నాలుగో నంబరు సభ్యుడి రుమాలు గురించి నేను అడగకముందే తనే చెప్పారు. ఇప్పుడు రియర్ విండో మొదలుపెట్టారు.